హంట్, ఈడిత్‌లది ప్రేమ పెళ్ళా, పిల్లాడి కోసం సర్దుబాటా?

గోదారి గాలి:
చేతిలో లాంతరుతో తలుపు తడుతున్న క్రీస్తు బొమ్మ చూశారా? దాన్ని వేసిన ఇంగ్లీషు చిత్రకారుడు విలియం హోల్మన్ హంట్. ఆయన భార్య ఫానీ 1866 డిసెంబరులో ఫ్లారెన్స్‌లో చనిపోయింది. కొడుక్కి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. 1875లో హంట్ స్విట్జర్లాండ్ వెళ్ళి, ఫానీ చెల్లెలు ఈడిత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకి 48, ఆమెకి ముప్ఫైకి దగ్గర. ఇంగ్లండ్‌లో ఆ పెళ్ళి చెల్లదు. చనిపోయిన భార్య చెల్లెల్ని చేసుకోవడం 1835 చట్టంతో పూర్తిగా మూసేశారు. దీన్ని గొప్ప ప్రేమకథ అంటుంటారు. నాకైతే తల్లిలేని పిల్లాడి కోసం చేసిన ఏర్పాటులా ఉంది.

పాలమూరు పిల్ల:
అదే నిజం. మన ఇళ్ళల్లో చూడలేదా? అక్క పోయిన నెలకే అందరి కళ్ళూ చెల్లెలి మీదే. "బయటి పిల్ల అయితే సవతి తల్లి, నువ్వయితే పిన్నివి" అంటారు. ఆ పిన్ని ఇష్టం ఎవరడుగుతారు?

కరణం గారి మనవడు:
అమ్మా, పోలిక తిరగబడింది. మన దగ్గర పెద్దవాళ్ళు కూర్చోబెట్టి చేస్తారు, అక్కడ పెద్దవాళ్ళే అడ్డం పడ్డారు. పైగా పసిబిడ్డకి తల్లి కావాలంటే ఎవరైనా తొమ్మిదేళ్ళు ఆగుతారా? పెళ్ళినాటికి ఆ అబ్బాయికి తొమ్మిదేళ్ళు నిండాయి!

చట్టం సంగతి ఇంకా గట్టిది. విదేశంలో చేసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకునేవాళ్ళు. 1861లో బ్రూక్ వర్సెస్ బ్రూక్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ (పార్లమెంటు ఎగువ సభ, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు కూడా) ఆ దారీ మూసేసింది. ఇంగ్లండ్ వాసులు డెన్మార్క్‌లో చేసుకున్న ఇలాంటి పెళ్ళి ఇంగ్లండ్‌లో చెల్లదంది. అంటే పుట్టబోయే పిల్లలు చట్టం దృష్టిలో అక్రమ సంతానం. పిల్లాణ్ణి చూసుకోవడమే పని అయితే, పిన్నిగా చూసుకుంటే పోయేది. ఇంత తలకి చుట్టుకోవడం దేనికి?

చిత్రాల పిచ్చి:
వూల్నర్‌ని మర్చిపోయారు. శిల్పి థామస్ వూల్నర్, హంట్‌కి పాత స్నేహితుడు. ఒకప్పుడు ఫానీని అడిగాడు, ఆమె కాదంది. తర్వాత వాళ్ళ ఇంకో అక్కచెల్లెలు ఆలిస్‌ని చేసుకున్నాడు. అలా ఇద్దరూ తోడల్లుళ్ళయ్యారు. హంట్ ఈడిత్‌ని చేసుకోవడంతో ఆ స్నేహం తెగిపోయింది. అంత కోపం చట్టం మీద గౌరవంతోనేనా అని నాకు అనుమానం, అది వేరే చర్చ.

గోదారి గాలి:
సరే, ఈడిత్ వైపు నుంచి ప్రేమే అని ఒప్పుకుంటాను. పుట్టింటిని కాదనుకుని వెళ్ళింది. మరి హంట్? ఫానీని కూర్చోబెట్టుకుని మొదలుపెట్టిన 'ఇసబెల్లా' బొమ్మని ఆమె పోయాక పూర్తిచేశాడు. ప్రియుడి తల పూడ్చిన కుండని కౌగిలించుకున్న అమ్మాయి! అలాంటి మనిషి ఆ ఇంటి పిల్లనే కోరుకుంటే, చెల్లెలిలో అక్కని వెతుక్కున్నాడని ఎందుకనకూడదు?

కరణం గారి మనవడు:
మొదట్లో అలాగే ఉండొచ్చు, కాదనను. కానీ పోలిక కోసమే అయితే ఆ మోజు ఎన్నాళ్ళు? పెళ్ళయ్యాక ఇద్దరూ జెరూసలేం వెళ్ళారు, కూతురు అక్కడే పుట్టింది. తర్వాత హంట్ ఈ చట్టం మార్చాలని పోరాడినవాళ్ళలో ఒకడయ్యాడు. బిల్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చునే బిషప్పులు మళ్ళీ మళ్ళీ అడ్డుకున్నారు. చివరికి 1907లో చట్టమైంది, పాత పెళ్ళిళ్ళూ చెల్లుతాయంది. అప్పటికి హంట్‌కి 80 ఏళ్ళు, ఈడిత్‌ ఇంకా పక్కనే ఉంది.

పాలమూరు పిల్ల:
ఆ చట్టం కూడా భార్య పోయిన మగవాడికే కదా. భర్త పోయిన ఆవిడ ఆయన తమ్ముణ్ణి చేసుకోవాలంటే 1921 దాకా ఆగాల్సి వచ్చింది. దాని గురించి ఎవరైనా రాస్తారా?