పన్ను తగ్గింపు పొడిగించారు సరే, నా పే స్టబ్‌లో (జీతం చీటీలో) తేడా ఏదీ?

ఎడిసన్_శీను:
2025 జూలై 4న ట్రంప్ పన్నుల బిల్లు మీద సంతకం పెట్టినప్పటి నుంచి మా ఆఫీసులో ఒకటే మాట, అందరికీ పన్ను తగ్గిందని. జూన్ పే స్టబ్, ఆగస్టు పే స్టబ్ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క సెంటు తేడా లేదు. నేనేమో సోఫా కూడా చూసి పెట్టుకున్నాను. "ఇంకా నయం, అడ్వాన్సు ఇచ్చి రాలేదు" అంది మా ఆవిడ. న్యూజెర్సీలో సొంతిల్లు, ఇద్దరు పిల్లలు, నా ఒక్కడి జీతం ఏడాదికి 165 వేల డాలర్లు. ఈ చట్టంతో ప్రభుత్వ లోటు మాత్రం పదేళ్లలో 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా. నాకు రాని డబ్బు ఎక్కడికి పోతున్నట్టు?

లెక్కల_మావయ్య:
శీనూ, మీకు కొత్తగా ఇచ్చింది తక్కువ, పాతది పోకుండా ఆపింది ఎక్కువ. 2017లో ట్రంప్ తెచ్చిన పన్ను చట్టంలో కంపెనీల పన్ను 35 నుంచి 21 శాతానికి శాశ్వతంగా దించారు. మన రేట్లకు మాత్రం 2025 డిసెంబర్ 31 గడువు పెట్టారు. పొడిగించకపోతే 2026 జనవరి నుంచి మీ 22 శాతం స్లాబు 25 అయ్యేది, మీ జీతానికి ఇద్దరు పిల్లల క్రెడిట్ (కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తీసేసే మొత్తం) పూర్తిగా పోయేది. ఇప్పుడది 4,400. 2018 నుంచీ ఇదే రేటు కడుతున్నాం కాబట్టి చేతికి కొత్త డబ్బు వచ్చినట్టు అనిపించదు, బజార్లో కొత్త ఖర్చూ పెద్దగా పుట్టదు. ఇంతకీ ఇంటి పన్ను ఎంత కడతారు?

ఎడిసన్_శీను:
ఏడాదికి 13,500 డాలర్లు. రాష్ట్ర ఆదాయ పన్ను 5,500. ఇంటి లోన్ వడ్డీ 17,500.

లెక్కల_మావయ్య:
ఇంకేం! 2024 దాకా ఆ రెండు పన్నులూ కలిపి ఆదాయంలోంచి 10,000 మించి తీసి చూపనిచ్చేవారు కాదు. 2025కి పరిమితి 40,000. లోన్ వడ్డీ కూడా కలిపి ఐటమైజ్ చేస్తే (ఖర్చులు విడివిడిగా చూపిస్తే) మొత్తం 36,500, అంటే 2025లో దంపతులకు లెక్క అడగకుండా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 కన్నా 5,000 ఎక్కువ. 22 శాతం చొప్పున 1,100 డాలర్లు మిగులు. 2025లో జీతంలోంచి పన్ను ముందే కోసే పట్టికలు మార్చలేదు, అందుకే రిటర్న్ వేశాకే కనిపిస్తుంది. అద్దెకుండే వాళ్ళలో చాలామందికి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

ఫ్రిస్కో_పద్మ:
1,100కే మురిసిపోకండి శీనుగారూ. ఆ లోటు పూడ్చడానికి ప్రభుత్వం బాండ్లు అమ్మాలి. అప్పు పెరిగేకొద్దీ కొనేవాళ్ళు వడ్డీ ఎక్కువ అడుగుతారు, పదేళ్ల బాండు ఎటు పోతే ఇంటి లోన్ రేటు అటే. అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే మూడీస్ సంస్థ 2025 మేలోనే అమెరికా రేటింగ్ ఒక మెట్టు దించింది. 2021లో మాకు ఇంటి లోన్ 2.9 శాతానికి దొరికింది, మా చెల్లెలికి 2025లో 6.7. అదంతా లోటు వల్లే అనను, ద్రవ్యోల్బణాన్ని ఆపడానికి ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేట్లు పెంచడం పెద్ద కారణం. కానీ 4 లక్షల లోన్ మీద ఒక్క శాతమంటే ఏడాదికి దాదాపు 4,000. మీ 1,100 ఏ మూలకు? పైగా ఖర్చు తగ్గించడానికి మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య బీమా) కోశారు, ఆ దెబ్బ తక్కువ జీతాల వాళ్ళకు.

పెట్టుబడి ఏమన్నా పెరిగితే కంపెనీలు యంత్రాలు కొన్న ఏడాదే ఆ ఖర్చంతా పన్ను లెక్కలో ఆదాయంలోంచి తీసేసుకోనివ్వడం వల్ల పెరగాలి. అమెరికాలో చేసే పరిశోధనకూ అంతే. హైదరాబాద్ టీమ్‌తో రాయించే సాఫ్ట్‌వేర్ ఖర్చును మాత్రం 15 ఏళ్లకు పంచాల్సిందే. మా మేనేజర్ ఈ మాట మీటింగ్‌లో రెండుసార్లు ఎత్తాడు. హైదరాబాద్ టీమ్‌కు పని తగ్గిస్తారేమో, నా టెన్షన్ అదీ.

ఎడిసన్_శీను:
సగం సోఫా వచ్చిందన్నమాట. అమ్మకు నెలనెలా పంపే డబ్బు మీద 1 శాతం పన్ను అంటున్నారు, నిజమేనా?

లెక్కల_మావయ్య:
బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. నగదో, మనీ ఆర్డరో, క్యాషియర్ చెక్కో ఇచ్చి పంపితేనే, అదీ 2026 జనవరి నుంచి.