“వినుటకు మందులైనందున”: ఇవి ఏ మందులు?

పోయిన ఆదివారం పెరంబూరులో మా తెలుగు బైబిల్ స్టడీలో హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, 5వ అధ్యాయం చదువుకున్నాం. చదివింది చెన్నైలోనే పుట్టి పెరిగిన కుర్రాడు, ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఇంగ్లీషు. 11వ వచనంలో “మీరు వినుటకు మందులైనందున” దగ్గర ఆగిపోయి “అంకుల్, మందులంటే మాత్రలా?” అని అడిగాడు. మంచి ప్రశ్న. గదిలో పెద్దవాళ్ళం చాలామందిమి ఆ మాటని ఇన్నేళ్ళుగా చదువుతూ దాటేసుకుంటూ పోయామని అప్పుడే బయటపడింది.

మందుడు అనే మాటకి బహువచనం ఇది. మందబుద్ధి, మందకొడి, మందగించడం, వీటన్నిటిలో ఉన్న ‘మంద’మే. గ్రీకులో ‘నోథ్రోయ్’, చురుకు లేనివాళ్ళు అని. అదే గ్రీకు మాట 6:12లో మళ్ళీ వస్తుంది, అక్కడా మనవాళ్ళు “మీరు మందులు కాక” అనే రాశారు. అలా ఒకే మాటను నిలిపినందుకు ఆ అనువాదకులకు దండం పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే పసివాళ్ళకి పాలు, ఎదిగినవాళ్ళకి బలమైన ఆహారం అనే అక్కడి పోలికంతా ఈ రెండు ‘మందుల’ మధ్యే ఉంది.

నేను అసలు మాట్లాడాలనుకున్నది 14వ వచనం గురించి. “వయస్సు వచ్చినవారు అభ్యాసముచేత మేలు కీడులను వివేచించుటకు సాధకము చేయబడిన జ్ఞానేంద్రియములు కలిగియున్నారు గనుక బలమైన ఆహారము వారికే తగును.” స్టడీలో ఒక పెద్దాయన దీనికి చెప్పిన అర్థం ఏమిటంటే, పాలు అంటే మామూలు కథలు, బలమైన ఆహారం అంటే మర్మాలు, బైబిల్లో ఏడు అనే అంకెకి ఏం అర్థమో నూనెకి ఏం అర్థమో తెలిసినవాడే ఎదిగిన విశ్వాసి. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను, నోటుబుక్కులో ఎడమవైపు వస్తువు, కుడివైపు అర్థం రాసుకుంటూ పోయాను. ఆ పట్టిక నిలబడలేదు. సింహం పక్కన ఏం రాయాలి? 1 పేతురు 5:8లో గర్జించు సింహం అపవాది, అంటే సాతాను, ప్రకటన 5:5లో యూదా గోత్రపు సింహం క్రీస్తు. పులిసిన పిండి మత్తయి 13లో పరలోకరాజ్యానికి పోలిక, 1 కొరింథీ 5లో తీసిపారెయ్యాల్సిన చెడు. అంతెందుకు, ఈ పాలే తీసుకోండి. హెబ్రీలో పాలు తాగడం మందలింపు, 1 పేతురు 2:2లో అదే పాలను అపేక్షించమంటున్నాడు. చుట్టూ ఉన్న మాటలు చూడకుండా ప్రతీక ఒక్కదాన్నే పట్టుకుంటే చేతికేమీ రాదు.

ఇంకో సంగతి. 1 కొరింథీ 3:2లో మన బైబిల్లో “పాలతోనే మిమ్మును పెంచితిని గాని అన్నముతో మిమ్మును పెంచలేదు” అని ఉంటుంది. మా పక్కింటి తమిళ ఆంటీ బైబిల్లో అక్కడ ‘బోజనం’. గ్రీకులో ‘బ్రోమా’, తినేది అని. మనవాళ్ళు బియ్యం తినే ఊళ్ళు కదా అని అన్నం పెట్టేశారేమో అనుకునేవాణ్ణి, కానీ సంస్కృతంలో అన్నం అనే మాట ‘అద్’, తినడం, అనే ధాతువు నుంచే వచ్చింది, అంటే గ్రీకు మాటా మన మాటా ఒకే పని చేస్తున్నాయి. అన్నప్రాసన చేసుకునే ఇళ్ళలో ఈ వచనానికి వ్యాఖ్యానమే అక్కర్లేదు. ఇక కొరింథీయులు ఇంకా పసివాళ్ళే అనడానికి ఆ ఉత్తరం రాసిన పౌలు తర్వాతి వచనంలో చూపించిన రుజువు ఏమిటో చూడండి: అసూయ, కలహం. మర్మాలు తెలియకపోవడం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు.

జవాబు, వేళచ్చేరి నుంచి:
అన్నా, మీ పెద్దాయన మాటను అంత తేలిగ్గా తోసెయ్యకండి. 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బైబిల్ పండితుడు ఓరిగెన్ లేఖనానికి శరీరం, ప్రాణం, ఆత్మ అని మూడు స్థాయిల అర్థాలు ఉన్నాయని, సామాన్యులకు మొదటిది, పరిపూర్ణులకు చివరిది అని చెప్పాడు. పైగా హెబ్రీ 7లో అబ్రాహాము కాలపు రాజూ యాజకుడూ అయిన మెల్కీసెదకు పేరును విప్పి నీతికి రాజు అని, అతను ఏలిన షాలేము పేరును విప్పి సమాధానపు రాజు అని అర్థం చెబుతున్నారు. అది ప్రతీక కాదా?

నా జవాబు:
ప్రతీకే తమ్ముడూ, ఒప్పుకుంటాను. గలతీ 4:24లో అబ్రాహాము ఇంటి ఇద్దరు స్త్రీలు హాగరు, శారాల సంగతిని పౌలు అలంకారంగానే తీసుకున్నాడు. వడ్డించింది బలమైన ఆహారమే, అందులో నాకు తగాదా లేదు. కానీ వడ్డించకముందే 14వ వచనం తినేవాడు ఎవడో చెప్పేసింది, మేలు కీడులు వివేచించడం సాధకం చేసినవాడు అని. మెల్కీసెదకు పేరు చక్కగా విప్పి, ఇంట్లో పనిచేసే మనిషి జీతం నెలనెలా ఆలస్యం చేసేవాడు నాకు తెలుసు. అతనికి ఆ తిండి ఒంటికి పట్టలేదనే అంటాను.

‘పరిపూర్ణులు’ అన్నావు కదా, అది కూడా చూడు. ‘తెలెయోస్’ అనే ఒకే గ్రీకు మాట మత్తయి 5:48లో ‘పరిపూర్ణులు’, 1 కొరింథీ 14:20లో ‘పెద్దవారలు’, ఇక్కడ ‘వయస్సు వచ్చినవారు’. తమిళంలో ఇక్కడ ‘పూరణ వయదుళ్ళవర్గళ్’, రెండు అర్థాలూ కలిపేశారు. పరిపూర్ణులు అనగానే మనలాంటివాళ్ళకి టెన్షన్ పట్టుకుంటుంది, తప్పే చెయ్యకూడదేమో అని. పెద్దవాళ్ళు అవ్వండి అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

జవాబు, మైలాపూరు నుంచి:
నేను పిల్లలకి సంగీతం చెబుతాను, బైబిల్ అంతగా చదవలేదండీ, కానీ ‘సాధకము’ చూసి ఆగిపోయాను. ఇక్కడ తమిళంవాళ్ళూ మనవాళ్ళూ అందరం రోజూ వాడే మాట. పొద్దున లేచి సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడటం సాధకం. మొదటి ఏడాది పిల్లకి శ్రుతి తప్పినా తెలియదు, నేను ఆపి చెబితే తెలుస్తుంది. కొన్నేళ్ళకి తనే ఆగిపోతుంది, అపస్వరం చెవిలో గుచ్చుకుంటుంది. దానికి నేను రాగలక్షణం పుస్తకం ఇచ్చి బట్టీ పట్టమంటే ఆ చెవి రాదు. ఆ గ్రీకు మాట కూడా ఇలాంటిదేనా?

నా జవాబు:
అమ్మా, చాలా దగ్గరదండీ. ‘గుమ్నాజో’, కసరత్తు చెయ్యడం. ‘జిమ్’ అన్న మాట మూలం అదే. మన అనువాదకులు కసరత్తు అనకుండా సాధకం అన్నారు, దాని పక్కన జ్ఞానేంద్రియాలు పెట్టారు. మీరు చెవి అనేదాకా నాకు తట్టలేదు, 11వ వచనంలో ఆ ‘మందులు’ చెవికి సంబంధించినవే, గ్రీకులో కూడా అక్కడ వినికిడి అనే మాటే ఉంది. మందమైన చెవితో మొదలై, సాధకం చేసిన ఇంద్రియాల దగ్గరికి వచ్చింది ఆ భాగం.

వచ్చే ఆదివారం అదే కుర్రాడితో మళ్ళీ చదివిస్తాను. మీరు ఏమీ అనుకోకపోతే, శ్రుతి తప్పిన పిల్ల సంగతి వాడికి చెబుతాను.