హెచ్61 బోర్డుకు 16 జీబీ ర్యామ్: సెకండ్ హ్యాండ్‌లో ఏం చూసి కొనల్ల?

ఫ్లెక్స్_అనంతపురం:
షాపు సిస్టం ఇంటెల్ ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు. స్లాట్లు రెండే, రెండిట్లోనూ 2 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు ఉండాయి. విండోస్ 7. తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్‌తో పేజ్‌మేకర్ పని బాగానే సాగుతాంది. ఫోటోషాప్ సీఎస్6లో 10x6 అడుగుల ఫ్లెక్స్ తెరిస్తే మాత్రం బిగుసుకుపోతాంది. ప్రాపర్టీస్‌లో "4 జీబీ (3.41 యూజబుల్)" అని ఉంది. వచ్చే వారం బెంగళూరు పోతాండా, కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో 8 జీబీవి రెండు తెచ్చుకుందామని. స్పీడు 1333ది తీసుకోవల్లనా, 1600దా?

స్లాట్_సామి:
స్పీడు సంగతి తర్వాత. ఆ 3.41 చూస్తే నీది 32 బిట్ విండోస్ అనిపిస్తాంది. అదే ప్రాపర్టీస్‌లో సిస్టం టైప్ చూడు. 32 బిట్ అయితే 16 జీబీ పెట్టినా 4 దాటి వాడుకోదు, డబ్బు దండగ. 64 బిట్‌కు మార్చల్లంటే కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే, ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ కాదు. ఫాంట్లు, ఫైళ్లు వేరే డ్రైవ్‌కు కాపీ చేసుకో. నీ అను వెర్షన్, ప్రింటర్ డ్రైవర్ 64 బిట్‌లో నడుస్తాయో లేదో ఫార్మాట్ కొట్టకముందే కనుక్కో. హోమ్ బేసిక్ ఎడిషన్ 8 జీబీ వరకే తీసుకుంటుంది, 16 కావాలంటే హోమ్ ప్రీమియమో, ప్రొఫెషనలో ఉండల్ల.

చిప్పు_లెక్క:
నీ ప్రాసెసర్ 1333 దగ్గరే ఆగుతుంది. 1600 పెట్టినా 1333లోనే నడుస్తుంది, కాబట్టి ఏది చవకైతే అది తీసుకో. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కూడా ఈ బోర్డులో పనిచేస్తుంది.

అసలు మోసపోయేది చిప్పుల దగ్గర. 8 జీబీ స్టిక్కు మీద రెండు పక్కలా కలిపి 16 నల్ల చిప్పులు ఉండల్ల, లేబుల్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది. 8 చిప్పులతోనే 8 జీబీ అంటే ఒక్కో చిప్పు 8 గిగాబిట్లు. నీ ఐ3-2120 లాంటి రెండో తరం ఇంటెల్ ప్రాసెసర్ వాటిని గుర్తించదు, డిస్‌ప్లే రాదు. "ఏఎండీ ఓన్లీ" (ఏఎండీ ప్రాసెసర్లకే) అని చవకగా ఇచ్చేవీ వద్దు. లేబుల్ మీద పీసీ3-12800 లాంటి స్పీడు కోడు తర్వాత ఆర్ అక్షరం ఉంటే అది సర్వర్ ర్యామ్, నీ బోర్డులో నడవదు. యూ అని ఉన్నదే నీకు కావాల్సింది. పని చేయకుంటే మార్చిస్తామని బిల్లు మీద రాయించుకో, నోటిమాట నమ్మొద్దు.

ఇంకోటి. ఆ ఫ్లెక్స్‌ను ఎంత రిజల్యూషన్‌లో చేస్తాండావు? అంగుళానికి 72 పిక్సెళ్లలో ఒక్క నిండు సీఎంవైకే (నాలుగు ప్రింటింగ్ రంగుల) లేయరు దాదాపు 170 ఎంబీ. అదే 300లో పెడితే 3 జీబీ! అప్పుడు 16 కూడా చాలదు.

ఫ్లెక్స్_అనంతపురం:
32 బిట్టే అన్నా. రిజల్యూషన్ 150 పెడతాండా. ఇప్పటికి ఒక్క 8 జీబీ కొని, పాత 2 జీబీ ఒకటి ఉంచుకుంటే?

స్లాట్_సామి:
నడుస్తుంది, మొత్తం 10 జీబీ. 2కు 2 జతగా డ్యూయల్ ఛానెల్‌లో (రెండు స్టిక్కులూ ఒకేసారి), మిగతా 6 సింగిల్‌లో పోతుంది. ఫోటోషాప్‌కు ఆ తేడా పెద్దగా తెలీదు. దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కు 150 అక్కర్లేదు, 72కు దించి చూడు.

వేసేటప్పుడు ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కు. క్యాబినెట్ ఇనుము ముట్టుకొని ఆపైన ర్యామ్ పట్టుకో. మన దుమ్ముకు స్లాట్లు నిండిపోయుంటాయి, మెత్తని బ్రష్‌తో దులుపు. పాత స్టిక్కు బంగారు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు స్లాట్‌లో పడకుండా తుడువు. గాడి కుదిరినాక రెండు కొనలూ టక్కుమనేదాకా నొక్కల్ల. డిస్‌ప్లే రాకుంటే ప్లగ్ పీకి కొత్తదొక్కటే ఉంచి, ఒక్కో స్లాట్‌లో మార్చి చూడు. అప్పటికీ రాకుంటే బోర్డు మీది గుండ్రటి చిన్న సీఆర్2032 సెల్ తీసి, పది నిమిషాలాగి పెట్టు.

చిప్పు_లెక్క:
పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం వేసి రాత్రంతా వదిలేయ్. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్కు వాపసే. తర్వాత ఫోటోషాప్ 64 బిట్‌దే తెరువు, సీఎస్6లో రెండూ ఉంటాయి. కింద స్టేటస్ బార్‌లో ఎఫిషియెన్సీ పెట్టుకో. పెద్ద ఫైలుతో కూడా 100 శాతం చూపిస్తాంటే రెండో 8 జీబీ కొనాల్సిన పన్లేదు. తగ్గితే ర్యామ్ చాలక హార్డ్ డిస్కును వాడుతాందని లెక్క.