1:18 మోడల్ కార్లు మన సీమ ఎండకు తట్టుకుంటాయా?

పెనుకొండ_కుర్రాడు (అనంతపురం):
అందరికీ నమస్కారం. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే చోట క్వాలిటీ సెక్షన్‌లో పని చేస్తాను. రోజంతా ప్యానెల్ గ్యాపులు చూసే పని కాబట్టి, బొమ్మ కారు చూసినా ముందు డోరు సరిగ్గా కూర్చుందా లేదా అనే చూస్తాను. ఈమధ్య జీతంలో మిగిల్చి బురాగో కంపెనీ వాళ్ల 1:18 (అసలు కారులో పద్దెనిమిదో వంతు సైజు) జాగ్వార్ ఈ-టైప్ కొన్నాను. ముందు భాగమంతా ఒకే బానెట్‌గా లేస్తుంది, కింద ఆరు సిలిండర్ల ఇంజిన్. దాన్ని చూసినప్పటి నుంచి ఇంకా కొనాలనే ఉంది.

నా గది మేడ మీద. మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ ముట్టుకుంటే వేడిగానే ఉంటుంది. ఆషాఢ గాలి మొదలైతే కిటికీలు మూసినా దుమ్మే. పెయింటు పొంగుతుంది, టైర్లు అతుక్కుపోతాయి అని చదివి టెన్షన్ పట్టుకుంది. ఇకపై 1:18 కొనాలా, 1:43 కొనాలా? లోహంతో పోత పోసే డైకాస్టా, ప్లాస్టిక్ లాంటి రెజినా?

పాతకార్లు_కడప:
తమ్ముడూ, భయపడకు. ఈ సరదాకు సముద్రపు ఒడ్డు ఊళ్లకన్నా మన సీమే నయం. డైకాస్ట్ అంటే జింకు మిశ్రమం. పోత పోసేటప్పుడు అందులో సీసం కలిసిందంటే, కొన్నేళ్లకు లోహం లోపలి నుంచే పగుళ్లిచ్చి పొడిగా రాలిపోతుంది. జింక్ పెస్ట్ అంటారు దాన్ని. మందు లేదు. తేమ ఉంటే ఇంకా తొందరగా ముదురుతుంది. మన గాలిలో తేమ తక్కువ, కానీ వేసవిలో నీళ్ల కూలర్ పెట్టి మనమే తెచ్చుకుంటాం. కూలర్ గాలి తగిలే చోట షోకేస్ పెట్టొద్దు. పెట్టెలో వచ్చిన ఫోమ్, ప్లాస్టిక్ కవరు కారు ఒంటికి ఆనుకుని ఉండనివ్వకు. వాటి మధ్య తేమ చిక్కుకుంటే పెయింటు పొంగుతుంది.

రెజిన్ మాత్రం ఆ గదిలో వద్దు. వేడికి వంగుతుంది. వంగితే మళ్లీ నీ కంటికి నచ్చేలా తీర్చలేం. డైకాస్ట్‌కు ఆ బాధ లేదు.

పడమటి గోడలో కడప బండ అరలుంటే వాటిని పుస్తకాలకు వదిలెయ్. సాయంత్రం ఎక్కిన వేడిని బండ రాత్రి చాలాసేపు వదలదు. ఎండ పడని లోపలి గోడకు అద్దాల అల్మారా పెట్టి, తలుపు అంచుకు బ్రష్ పట్టీ అంటించు. నేరుగా ఎండ పడితే స్టిక్కర్లు కూడా వెలిసిపోతాయి. దుమ్మును పొడి గుడ్డతో తుడవకు, అందులోని ఇసుక రేణువులు గీతలు పెడతాయి. మేకప్‌కు వాడే మెత్తని బ్రష్‌తో ఊరికే అలా విదిలించు.

ఇక టైర్లు. మెత్తదనం కోసం వాటిలో కలిపే రసాయనం మెల్లగా బయటికొచ్చి, కింద ఉన్న ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. వేడికి ఇది ఎక్కువ. టైరు కింద అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టు. ఇంకా మంచిది, చాసిస్ కింద చిన్న చెక్క దిమ్మ పెట్టి టైర్ల మీద బరువు పడకుండా చెయ్.

తర్వాత ఏది కొనాలంటే నా మాట ఒకటే: మెర్సిడెస్ 300 ఎస్ఎల్, 1954 నాటిది. డోర్లు రెక్కల్లా పైకి లేవడం షోకు కోసం కాదు. సన్నని గొట్టాలతో అల్లిన ఫ్రేము పక్కల్లో అంత ఎత్తు వచ్చింది, మామూలు డోరు పెట్టడానికి చోటే మిగల్లేదు. లోపలికి దిగడానికి వీలుగా స్టీరింగ్ చక్రం కూడా కిందికి వంగుతుంది. మంచి మోడల్లో ఆ ఎత్తైన గుమ్మం, ఆ స్టీరింగ్ రెండూ ఉంటాయి. డోరెత్తి చూస్తే కారు ఎందుకలా పుట్టిందో చేతిలోనే తెలిసిపోతుంది. 1:18 కొనేది అందుకే. 1:43లో చాలావాటికి డోర్లే తెరుచుకోవు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అన్నా, నేను ఒప్పుకోను. నేను 1:43 మాత్రమే కొంటాను. ‘ఓ’ (O) గేజ్ అనే సైజు బొమ్మ రైళ్ల పక్కన పెట్టడానికి సరిపోయేలా పుట్టిన సైజు అది. ఈ-టైప్ 1:18లో దాదాపు 25 సెంటీమీటర్లు, 1:43లో పది చిల్లర. మా ఇంట్లో నాకు దక్కింది ఒకే అర. దాని మీద లెమాన్స్ 24 గంటల రేసు గెలిచిన కార్లు ఏళ్ల వరసలో పెట్టుకున్నాను: 1965 ఫెరారీ 250 ఎల్ఎం, 1966లో నల్ల రంగు ఫోర్డ్ జీటీ40, 1970లో ఎరుపు తెలుపు పోర్షా 917. కార్ల ఆకారం ఐదేళ్లలో ఎంత మారిందో ఒక్క చూపులో కనిపిస్తుంది. 1:18లో ఆ వరస పెట్టాలంటే గోడంతా కావాలి. ఇక్సో కంపెనీ వాళ్ల 1:43లు ఎక్కువగా డైకాస్టే, వేడి భయం లేదు. తమ్ముడికి డోర్ల మీద అంత మోజుంటే 1:18 ఒకటో రెండో పెట్టుకుని, మిగతావి చిన్నవి కొనుక్కోమను.

పెనుకొండ_కుర్రాడు:
అన్నా, అక్కా, ఇద్దరికీ థ్యాంక్స్. అల్మారా కింది గదిలో మెట్ల పక్క గోడకు మారుస్తున్నాను. 300 ఎస్ఎల్ వెతకడం మొదలుపెట్టాను. ఒక అనుమానం: పెట్టెతో వచ్చిన బేస్‌కు కారును స్క్రూలతో బిగించి ఉంచారు. తీసేయనా, అలాగే ఉంచనా?

పాతకార్లు_కడప:
స్క్రూలు తీసెయ్. కారును బేస్‌కు అదిమి పట్టేది అవే, టైర్ల మీద ఒత్తిడి ఇంకా పెరిగేదీ వాటి వల్లే. తీశాక చిన్న కవర్లో వేసి, కారు పేరు రాసి దాచుకో. రేపు ఇల్లు మారితే ఆ స్క్రూలే కావాలి.