7 కేజీ ప్రెషర్ అంటే ఎన్ని పీఎస్ఐ? 14.2తో గుణించాలా, 14.5తోనా?

కొత్తగేజ్: కంప్రెసర్ పాత షీట్‌లో "పనిచేసే ప్రెషర్ 7" అని మాత్రమే ఉంది, యూనిట్ లేదు. అందరం 7 కేజీ అంటాం. ఇప్పుడు బిగించిన గేజ్ పీఎస్ఐది, అంటే చదరపు అంగుళం మీద పౌండ్ల లెక్క. ముల్లు ఎక్కడ నిలవాలి?

లెక్కలమాష్టారు: కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద కిలో బరువు. 14.223తో గుణించండి, 99.6 వస్తుంది. 14.5 అనేది బార్‌కి, అది వేరే ప్రెషర్ యూనిట్. ఒక కేజీ అంటే 0.98 బార్. ఇది తెలియకుండా ప్యానెల్ ముందు నిలబడకూడదు.

వాల్వ్‌మేస్త్రి: 14.5తో అయితే 101.5. తేడా 2 కూడా లేదు మాష్టారూ. 10 బార్ గేజ్, 1.6 క్లాస్‌ది (పూర్తి స్కేల్‌లో 1.6 శాతం దాకా తప్పు చూపొచ్చు) తీసుకుంటే దాని తప్పే 0.16 బార్ దాకా ఉండొచ్చు, అంటే 2.3 పీఎస్ఐ. ముల్లు మందంలో పోయేదానికి ఇంత గొడవా?

లెక్కలమాష్టారు: గేజ్ తప్పు ఎటువైపైనా ఉండొచ్చు. యూనిట్ తప్పు మాత్రం ప్రతిసారీ ఒకే వైపు లాగుతుంది. సేఫ్టీ వాల్వ్ 10 కేజీకి పెట్టమంటే 142.2 బదులు 145కి పెడతారా?

పాస్కల్‌పక్షం: 1 పీఎస్ఐ 6.895 కిలోపాస్కల్. అంతా అందులోకి మార్చుకుంటే ఈ తంటా ఉండదు.

వాల్వ్‌మేస్త్రి: ఇరవై ఏళ్లుగా 14తో గుణించి కాస్త కలుపుతున్నాను. ఒక్క లైనూ పగల్లేదు.

లెక్కలమాష్టారు: మీలాంటి "కాస్త కలుపుతా" మనుషుల వల్లే నేను మాట పడ్డాను. ఆర్డర్‌లో ఉత్త "7 బార్" అని రాశారు. వచ్చిన ట్రాన్స్‌మిటర్ (ప్రెషర్ కొలిచి స్క్రీన్‌కి పంపేది) అబ్సల్యూట్‌ది, అంటే వాతావరణ పీడనం కూడా కలిపి చూపేది. లైన్‌లో 7 ఉంటే స్క్రీన్ మీద 8.01. ప్రెషర్ పెరిగిందనుకుని రాత్రి నేనే 7కి దించాను. లైన్‌లో మిగిలింది 6. తెల్లారి సంజాయిషీ నన్నే అడిగారు.

రాత్రిషిఫ్ట్: అయితే అది 14.2, 14.5 గొడవే కాదు కదా! వాతావరణ పీడనం కలిపిందా, కలపనిదా అన్నది. అక్కడ తేడా 14.7 పీఎస్ఐ.

వాల్వ్‌మేస్త్రి: ఈ మాట మొదటే చెప్పాల్సింది మాష్టారూ. మీకు జరిగింది అన్యాయం. కానీ నాకు కోపం తెప్పించింది వేరే. ప్యానెల్ ముందున్నవాడే నేర్చుకోవాలంటున్నారు. కాగితం రాసినవాడు యూనిట్ పూర్తిగా ఎందుకు రాయడు?

లెక్కలమాష్టారు: రాయాలి. నాకు రాయలేదు. ఆ రాత్రి నాకీ తేడా తెలిసుంటే వాల్వ్ మీద చెయ్యి వేసేవాణ్ని కాదు. అందుకే నేర్చుకోమంటున్నాను.

కొత్తగేజ్: తీసేసిన పాత గేజ్ అద్దం తుడిచి చూశాను. డయల్ అడుగున సన్నటి అక్షరాల్లో "బార్" అని ఉంది. విప్పి పెట్టినా ముల్లు సున్నా దగ్గరే ఉంది, కాబట్టి అబ్సల్యూట్ కాదు. అంటే 101.5.

లెక్కలమాష్టారు: ఆ షీట్ ఈ గేజ్ చూసి రాసిందేనా? అది తేలేదాకా 99 దాటనివ్వకండి.