పలాస జీడి పనిలో కూలి పెంపు, లైను ఇళ్ల కరెంటు బిల్లు: ఏది ఎవర్ని అడగాలి?

కాశీబుగ్గ_లైను:
జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీసే ఆడవాళ్లు 40 మంది. కూలి కిలో లెక్కన. కిలోకి రెండు రూపాయలు పెంచమని అడుగుదామనుకుంటున్నారు. ఏ కాగితం పెట్టాలి, ఎవరికి ఇవ్వాలి? ఇంకోటి, వీళ్లలో చాలామంది లైను ఇళ్లలో ఉంటారు. నాలుగు గదులకీ ఒకటే మీటరు, ఓనరు యూనిట్‌కి ఇంతని వసూలు చేస్తాడు. రెండూ కలిపి ఒకేసారి అడగొచ్చా?

తూకం_లెక్క:
రెండు రూపాయలు అడిగితే ఇచ్చేస్తారు, వారం తిరక్కుండా ఇంకో దారిన లాగేస్తారు. పొట్టు పనిలో కూలిని తేల్చేది రేటు ఒక్కటే కాదు, పప్పు ఎలా ఆరి వచ్చిందన్నది కూడా. సరిగ్గా ఆరితే వేళ్లతో నలిపితే చాలు, పొట్టు ఊడిపోతుంది. ఆరకపోయినా, ఆరినదాన్ని వానాకాలంలో రాత్రంతా తెరిచి ఉంచినా, తేమ పీల్చి పొట్టు అతుక్కుంటుంది. ఇక కత్తితో గీకాలి, గీకితే విరుగుతుంది. మరీ ఎక్కువ ఆరినా పెళుసెక్కి విరిగేదే. బద్దకి (రెండుగా విడిపోయిన పప్పు) రేటు తక్కువ, పైగా విరుగుడు కోత, అంటే విరిగినందుకు కూలిలో కోత. డ్రయ్యర్ దగ్గర జరిగిన తప్పుకి కోత పొట్టు తీసేవాళ్లకి పడుతోంది.

ఆరిన పప్పు 8 గంటల్లో 10 కిలోలు, తేమ పప్పు 6 కిలోలు అవుతుందనుకోండి. రేటు మారకుండానే కూలి నూటికి 40 తగ్గింది. రెండు రూపాయల పెంపు దాన్ని పూడ్చదు.

అందుకని ముందు నోటు పుస్తకం పెట్టండి. తేదీ, పనిలోకి వచ్చిన టైము, వెళ్లిన టైము, తీసుకున్న తూకం, తిరిగిచ్చిన గుండు (విరగని పప్పు), బద్ద, ముక్క, పొట్టు, కోత, చేతికొచ్చిన డబ్బు. తిరిగిచ్చినవన్నీ కలిపితే తీసుకున్న తూకానికి దగ్గరగా రావాలి. తేడా ఎక్కువగా ఉంటే కాటా చూడండి: ఖాళీ ట్రే పెట్టి సున్నా చేశారా, తూనికల శాఖ ముద్ర ఈ ఏడాదిదేనా? పప్పు కోసం ఖాళీగా కూర్చున్న గంటలు కూడా రాయాలి, అవి చాలామంది వదిలేస్తారు. కనీసం నెల రోజులు, పది మందివైనా పుస్తకాలు ఉండాలి.

తర్వాత రోజు కూలితో పోల్చండి. కూలీల మీద కేంద్రం తెచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పనికి ప్రభుత్వం కనీస రోజు వేతనమే ప్రకటించి, విడిగా కిలో రేటు లేకపోతే, కిలో లెక్కన చేసేవాళ్లకీ ఆ రోజు వేతనానికి తగ్గకూడదు. కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది, పాత కనీస వేతనాల షీటు పట్టుకెళ్లి నవ్వులపాలు కావద్దు. తక్కువ ఇచ్చినదాని మీద మూడేళ్లలోపు క్లెయిమ్ వేయొచ్చు. బకాయి మీద పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆ క్లెయిమ్ విచారించే అధికారికి ఉంది. ఇచ్చామని రుజువు చూపాల్సింది యజమానే. అయినా మీ పుస్తకం లేకపోతే యజమాని రిజిస్టరే నిజమై కూర్చుంటుంది.

డిమాండు ఇలా రాయండి: రోజు కనీస వేతనానికి హామీ, తేమ పప్పు వస్తే మళ్లీ ఆరబెట్టి ఇవ్వాలి, ఆ టైము పని కిందే లెక్క, వివరణ అడక్కుండా విరుగుడు కోత పెట్టకూడదు, ప్రతి నెలా వేతన స్లిప్పు. రేటు పెంపు వీటి తర్వాత.

సంఘం_పని:
పై మాటకి ఒకటి కలుపుతా. వినతిపత్రం ఇద్దరి సంతకంతో వెళ్తే ఆ ఇద్దరికీ మర్నాటి నుంచి పప్పు రాదు. నలభై మందీ చెయ్యాలి, రెండు కాపీలు ఉండాలి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టు. ఒక కాపీ కార్మిక శాఖకి. యూనియన్ రిజిస్ట్రేషన్‌కి ఏడుగురి సంతకాలు చాలు, కానీ పనివాళ్లలో పదో వంతు లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి.

"అందరం ఒక రోజు సెలవు పెట్టేద్దాం" అనేది జాగ్రత్త. సగం మందో అంతకన్నా ఎక్కువో కూడబలుక్కుని సెలవు పెడితే కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది సమ్మె కిందే లెక్క. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కార్మిక శాఖ దగ్గర రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మెకి దిగడం కూడా చట్టవిరుద్ధం.

కాశీబుగ్గ_లైను:
పప్పు ఇంటికి తెచ్చుకుని తీసేవాళ్ల సంగతేటి?

తూకం_లెక్క:
తీసుకున్న ప్రతిసారీ తూకం రాసిన చీటీ మీద గుమస్తా సంతకం ఉండాలి. చీటీ లేకపోతే ఎవరి దగ్గర పనిచేస్తున్నారో చూపించడమే కష్టం.

మీటరు_రీడింగ్:
కరెంటు సంగతి కూలితో కలపకండి. అది ఫ్యాక్టరీ యజమానిది కాదు, ఇంటి ఓనరుదీ, కరెంటు సరఫరా చేసే సంస్థ ఈపీడీసీఎల్‌దీ. 2022–23 టారిఫ్ ఆర్డర్‌తో వచ్చిన గృహ స్లాబులు: 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు.

ఒక గదికి నెలకి 70 యూనిట్లు అనుకోండి. విడి మీటరైతే 57 + 120 = 177 రూపాయలు. నాలుగు గదులూ ఒకే మీటరు మీదైతే 280 యూనిట్లు: 57 + 135 + 225 + 600 + 481.25, మొత్తం 1,498.25. నాలుగు విడి మీటర్లకి 708 మాత్రమే. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరే. అంటే ఓనరు పైసా మిగుల్చుకోకపోయినా గదికి దాదాపు 200 అదనం.

విద్యుత్ చట్టం 2003 ప్రకారం కనెక్షన్ అడిగే హక్కు ఓనరుతోపాటు అందులో ఉంటున్నవాళ్లకీ ఉంది. అద్దె కాగితమో, ఓనరు ఒప్పుదలో పెట్టమంటారు. దరఖాస్తు ఎక్కువగా ఆగిపోయేది వైరింగ్ దగ్గర: గది గదికీ విడి లైను, విడి మెయిన్ స్విచ్ లేకపోతే ఒకే ఇల్లని వెనక్కి పంపుతారు. ముందు ఎలక్ట్రీషియన్ చేత అది చేయించండి. ఓనర్లు ఒప్పుకోనిది ఎక్కువగా డబ్బు కోసం కాదు, కిరాయిదారు పేరున మీటరుంటే ఖాళీ చెయ్యరేమోనన్న భయంతో. ఓనరు పేరునే నాలుగు మీటర్లు పెట్టించమంటే చాలాసార్లు ఒప్పుకుంటారు, బిల్లు నేరుగా మీరే కట్టొచ్చు.

బిల్లులో పాత రీడింగ్, కొత్త రీడింగ్ తేదీలు కూడా చూడండి, రోజులు పెరిగితే యూనిట్లు పై స్లాబులోకి పోతాయి. ఫిర్యాదు ముందు 1912కి చేసి నంబరు రాసుకోండి. తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్. ఛార్జీలే తగ్గించమని అడగాలంటే డిస్కం (ఈపీడీసీఎల్ లాంటి సరఫరా సంస్థ) ఏటా విద్యుత్ నియంత్రణ మండలికి ప్రతిపాదనలు ఇస్తుంది, వాటి మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు రాతపూర్వకంగా ఇవ్వాలి. సంఘం పేరున ఇస్తే బహిరంగ విచారణలో మాట్లాడే అవకాశం కూడా అడగొచ్చు.