పిండమా, నలుసా? 139వ కీర్తనలోని ఒక మాట గురించి

అందరికీ నమస్కారం. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్ళ పైచిలుకు కణజీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. చర్చిల్లో, అప్పుడప్పుడు కాజీపేట ఫాతిమానగర్ వైపు, బయోఎథిక్స్ గురించి, అంటే వైద్యంలో, జీవశాస్త్రంలో ఏది తగును ఏది తగదనే దాని గురించి మాట్లాడుతుంటాను. ఐవీఎఫ్, మూలకణాలు (స్టెమ్ సెల్స్), గర్భస్రావం, ఏది ఎత్తుకున్నా ఒక మాట దగ్గర నాకు గొంతు తడబడుతుంది. ఆ మాట పిండం.

ఒకసారి ప్రాక్టికల్స్‌లో 48 గంటల కోడిపిండం స్లయిడు పెట్టాను. గులాబీ రంగు పట్టించిన చిన్న కొక్కెంలా ఉంటుంది, వెన్ను పొడవునా ఇటుకలు పేర్చినట్టు సోమైట్ల జంటలు, అంటే తర్వాత వెన్నుపూసలు, కండరాలు అయ్యే చిన్న దిమ్మలు. పరకాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మైక్రోస్కోపు మీంచి కన్ను తీసి, "సార్, దీన్ని గూడ పిండమే అంటరా? మొన్ననే మా తాతకు పెట్టినం" అంది. కళ్ళలో నీళ్ళు. ఆ రోజు పాఠం ఆపేసి మాట గురించే మాట్లాడుకున్నాం.

సంస్కృతంలో పిండమంటే ముద్ద. అన్నం ముద్దయినా, మాంసం ముద్దయినా. భారతంలో గాంధారి కన్నది మాంసపిండమే, దాన్ని విడదీసి నేతికుండల్లో పెట్టించాడు వ్యాసుడు. ఫలదీకరణ జరిగిన మూడు నాలుగు రోజులకు పదహారు కణాలు దగ్గరగా అతుక్కుని ముద్దలాగే ఉంటాయి, కాబట్టి శాస్త్రానికి ఈ మాట బాగానే అతికింది. మన పుస్తకాల్లో ఎనిమిది వారాల వరకు పిండం, తర్వాత భ్రూణం. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కూడా, 2003 సవరణతో, 56 రోజుల దగ్గరే గీత గీసింది. 57వ రోజు నుంచి పేరు మారుతుంది.

ఇక తెలుగు బైబిలు. కీర్తనలు 139:16లో "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను" అని ఉంది. హీబ్రూలో అక్కడున్న మాట గోలెం. మొత్తం బైబిల్లో అది ఇక్కడొక్క చోటే కనిపిస్తుంది. ఇంకా రూపం రానిది అని అర్థం. దాని ధాతువుకు చుట్టడం, మడవడం అనే అర్థాలున్నాయి. ఏలీయా ప్రవక్త తన దుప్పటిని మడిచి నీటి మీద కొట్టాడన్న చోట వచ్చే క్రియ ఆ ధాతువుదే. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాలుగో వారంలో పిండం నిజంగానే మడతపడుతుంది. బల్లపరుపుగా ఉన్న బిళ్ళ తల వైపు, తోక వైపు, రెండు పక్కలా లోపలికి ముడుచుకుని గొట్టంలా అవుతుంది. కీర్తనకారుడికి ఇది తెలుసని నేననను, కీర్తనను జీవశాస్త్ర పాఠంలా చదవడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ పోలిక మనసులోంచి పోదు.

నన్ను ఎక్కువ ఆపేది ఆ వాక్యంలో మొదటి మాట, "నేను". పిండంగా ఉన్నప్పుడు కూడా అది "అది" కాదు, "నేను". విశ్వాసిగా నాకది ప్రాణం. కానీ క్లాసులో చెప్పిన సంగతి కూడా వదల్లేను. సుమారు పద్నాలుగు రోజుల వరకు ఒక పిండం రెండుగా విడిపోయి కవలలు కావచ్చు. అప్పుడది "నేను"నా, "మేము"నా? మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మూలకణ మార్గదర్శకాలు పిండాన్ని ల్యాబులో పద్నాలుగు రోజులు దాటి పెంచకూడదన్నాయి. ఆదిమ రేఖ (ప్రిమిటివ్ స్ట్రీక్, పిండంలో తల-తోక దిక్కు తేలే తొలి గీత) కనబడేది ఆ సమయంలోనే. రోమ్‌లోని కతోలిక సభ మాత్రం 1987లో, గర్భధారణ క్షణం నుంచే మనిషిగా గౌరవించాలని రాసింది. రెండూ చదివినవాణ్ణి. ఏ గీత దగ్గరా నిజాన్ని దాచి మాట్లాడకూడదన్నదే నా పట్టుదల. ఐదు రోజుల పిండాన్ని "గర్భస్థ శిశువు" అనేస్తే వాదించకుండానే గెలవాలనుకోవడం అవుతుంది. దాన్నే "వట్టి కణాల ముద్ద" అన్నా అంతే.

ఓ ఆదివారం నా మాటలయ్యాక ఒక ముసలామె వచ్చి చేయి పట్టుకుంది. "గన్ని పేర్లెందుకు కొడుకా. కడుపుల నలుసు పడ్డదంటే అయిపాయె గద" అంది. అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. మనుషులతో మాట్లాడేటప్పుడు నలుసు అనొచ్చా? మీ వైపు ఎలా అంటారు?

— సార్, నేను ములుగు దగ్గర ఏఎన్ఎంగా చేస్తున్నా. రిపోర్టుల "పిండంలో గుండె చప్పుడు లేదు" అని ఉంటే మేం అట్ల చదివి చెప్పం. ఒకసారి ఒక చోట అట్లనే చదివి చెప్తే, ఆ పిల్ల అత్త "శుభమా అని వస్తే పిండం ముచ్చట్లేంది" అని ఏడ్చింది. మేము "నలుసు నిలువలేదమ్మా" అంటం. ఇంకొన్ని దిక్కుల కడుపు పోయింది అంటరు, గది కొంచెం కటువు.

— మాస్టారూ, నాకొక అభ్యంతరం. నలుసంటే కంట్లో పడ్డ దుమ్ము. మత్తయి 7:3లో "నీ సహోదరుని కంటిలోనున్న నలుసు" అన్నది తప్పును గురించే కదా. మనిషి మొదలును అలా పిలిస్తే చిన్నబుచ్చినట్టు కాదా?

— మంచి ప్రశ్న అడిగారండీ. అక్కడ నలుసు అంటే చిన్నదని మాత్రమే, మురికి అని కాదు. పైగా పిల్లలు లేనివాళ్ళు "కడుపున ఒక్క నలుసు పడితే చాలు" అని దేవుణ్ణి అడుగుతారు. ఆ మాటతో ఎవరూ తిట్టరు. "నీ పిండం" అనే తిట్టు మాత్రం ఉంది. ఇంకో సంగతి. మనిషి అండం 0.1 మిల్లీమీటరు ఉంటుంది, చూపు బాగుంటే వట్టి కంటికి చుక్కలా ఆనుతుంది. అచ్చంగా నలుసే. ఇంగ్లీషువాళ్ళ సెల్ అంటే చిన్న గది. మన కణం అంటే నూక, నలుసు. అంటే నేను ముప్పై ఏళ్ళు క్లాసులో సంస్కృతంలో చెప్పిందే ఆ ముసలి తల్లి తెలుగులో చెప్పింది.

ఏఎన్ఎం అమ్మా, మీ మాట రాసిపెట్టుకున్నాను. క్లాసులో పిండమే అంటాను, కీర్తనలో కూడా పిండమనే చదువుతాను. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో మాత్రం నలుసు అంటాను. ఆదిలాబాద్, మంచిర్యాల వైపు వాళ్ళు ఏమంటారో రాయండి. గోండీ, కోలామీ మాట్లాడే ఇళ్ళలో వేరే మాట ఉంటే అది తప్పకుండా చెప్పండి.